కోటలో పరీక్ష, గేరిలో పిల్లలు (పాలమూరు చదువుల కథ – 9)



పోయిన వారం భాగం చదివి వనపర్తి నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని మెసేజ్ పెట్టింది. "సార్, ప్రశ్నపత్రం అందరికీ ఒకటే. దిద్దేది మిషను. ఇంక ఇందులో కులం ఎక్కడుంది?" అని. మంచి ప్రశ్న. ఒక్క మాటలో జవాబు చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ ప్రశ్నకు మా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నేల మీద చాలా పొడుగాటి చరిత్ర ఉంది. అందుకే ఈ వారం భాగమంతా దానికే.

ముందు నా సంగతి ఒకటి చెప్తాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు పక్క టౌన్‌లో పిల్లలకు ఒక ప్రతిభా పరీక్ష పెట్టారు. గెలిచినోళ్లకు పదో తరగతి దాకా ఫీజు, పుస్తకాలు ఇస్తామన్నారు. మా సారు నన్ను, ఇంకో ఇద్దరిని తీసుకుపోయాడు. జవాబు పత్రం మీద పైనే పేరు, తండ్రి పేరు, ఊరు, కులం రాయాలి. రాశాను. పది రోజులకు గోడ మీద ఒక కాగితం అంటించారు. అందులో పది పేర్లున్నాయి. మార్కులు లేవు. ఎవరికెంత వచ్చింది, పదోవాడి మార్కు ఎంత, పదకొండోవాడు ఎవరు, ఏమీ లేదు. నా పేరు లేదు. మా నాయిన ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చాడు. కాగితం చదవడం రాదు కాబట్టి నా ముఖం చూశాడు.

నేను నిజంగానే ఓడిపోయి ఉండొచ్చు. ఆ పది మంది నాకంటే బాగా రాసి ఉండొచ్చు. లేదా నా కాగితం మీద కులం చూసి పక్కన పెట్టి ఉండొచ్చు. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. ఓడిపోవడం పెద్ద బాధ కాదు, పిల్లలు మరిచిపోతారు. ఎందుకు ఓడిపోయామో తెలియకపోవడం మాత్రం ముల్లులా లోపలే ఉండిపోతుంది. ఈ వ్యాసం ఆ ముల్లు గురించి.

1. విద్వద్గద్వాల

తెలుగు ఎం.ఏ. చదివిన ప్రతి ఒక్కరికీ 'విద్వద్గద్వాల' అనే మాట తెలుసు. సోమనాద్రి కట్టిన కోటలో ఏటా పండిత సభలు జరిగేవి. ఎక్కడెక్కడి నుంచో కవులు, శాస్త్ర పండితులు వచ్చేవాళ్లు. అక్కడ వాళ్లను పరీక్షించేవారు. నెగ్గినవాళ్లకు సన్మానం, శాలువా, వార్షికం. వార్షికం అంటే ఏడాదికోసారి వచ్చి తీసుకుపోయే సొమ్ము. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే స్కాలర్‌షిప్, రెన్యూవల్‌తో సహా. వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లోనూ ఇలాంటి ఆదరణే ఉండేది. మా జిల్లాల సాహిత్య చరిత్ర పుస్తకాలు ఈ సంగతిని గొప్పగా రాస్తాయి. గొప్పే, కాదనను.

కానీ ఆ పరీక్షకు ఎవరు కూర్చోవచ్చు? సంస్కృతం వచ్చినవాళ్లు. సంస్కృతం ఎవరికి వస్తుంది? నేర్పే గురువు ఇంటి గడప తొక్కగలిగినవాళ్లకు. అంటే పోటీ మొదలవకముందే అయిపోయింది. లోపల తీర్పు ఎంత ధర్మంగా ఇచ్చినా, బయట కోట గోడకు రాళ్లు మోసినవాళ్ల పిల్లలకు ఆ ధర్మంతో పని లేదు.

ఇంకో సంగతి. లోపలికి పోగలిగినవాళ్లకైనా అంతా సాఫీగా ఉందా అంటే లేదు. తిరుపతి వేంకట కవుల 'నానారాజ సందర్శనం' తెరిచి చూడండి. వాళ్లు తిరిగిన సంస్థానాల్లో మా గద్వాల, వనపర్తి, ఆత్మకూరు ఉన్నాయి. శతావధానాలు చేసి తెలుగు దేశమంతా పేరు మోసిన జంట కవులు. వాళ్లకు కూడా రాజు దాకా పోవాలంటే మధ్యలో ఉన్నవాళ్ల దయ కావలసి వచ్చేది. దర్శనం దొరకాలి, సభ ఏర్పాటు కావాలి, పరీక్షించే పండితుడికి మనసు ఒప్పాలి. అగ్రహారంలో పుట్టిన మహాకవులకే పరీక్షాధికారి ముందు ఇంత తిప్పలుంటే, లెక్కలు బయట పెట్టని పోటీ ఎలా నడుస్తుందో అర్థం చేసుకోవచ్చు. రాజు ఇస్తే సన్మానం, ఇవ్వకపోతే అది రాజు ఇష్టం. ఎందుకివ్వలేదని అడిగే పద్ధతి లేదు. అది దానం కాబట్టి.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. దానానికి లెక్క చెప్పనక్కర్లేదు. హక్కుకు చెప్పాలి.

2. పూలే పట్టుకున్న కిటుకు

మా కోటల్లో వార్షికాలు నడుస్తున్న కాలంలోనే పుణెలో ఒకాయన ఈ ముడిని విప్పాడు. 1882లో హంటర్ విద్యా కమిషన్‌కు జోతిరావు పూలే ఇచ్చిన వినతిపత్రంలో స్కాలర్‌షిప్‌ల గురించి ఒక చిన్న పేరా ఉంది. చాలామంది దాన్ని దాటేసి పోతారు. ఆయన చెప్పిన సారం ఇది: ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు ఇప్పటికే చదువు రుచి తెలిసిన వర్గాలకే పోతున్నాయి. పోటీ పెట్టి ఇవ్వడం పైకి న్యాయంగానే కనిపిస్తుంది, కానీ దానివల్ల మిగతా వర్గాల్లోకి చదువు వ్యాపించదు. చదువు ఇంకా చేరని వర్గాలకు కొన్ని స్కాలర్‌షిప్‌లు విడిగా కేటాయించాలి.

పోటీ పెట్టేవాళ్లు మోసం చేస్తున్నారని పూలే అనలేదు. పోటీ నిజాయితీగా జరిగినా ఫలితం అన్యాయంగా రావచ్చు అన్నాడు. అవి రెండూ వేరు వేరు. వనపర్తి చెల్లెలు అడిగిన ప్రశ్నకు సగం జవాబు 1882లోనే దొరికింది. దిద్దేది మిషనే. కానీ ఆ గదిలోకి వచ్చేదాకా నడిచిన దారి మిషను వేసింది కాదు.

3. నిజాం కాలం

మన వైపు ఏం జరిగింది? హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1910 నుంచి మాల మాదిగ పిల్లల కోసం ఇసామియా బజార్, లింగంపల్లి వంటి చోట్ల బడులు తెరిచాడు. ఆ కాలంలో నిజాం రాజ్యంలో పై చదువు ఎక్కువగా ఉర్దూలో. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమమే. 1920ల్లో ప్రైవేటు బడి పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాలన్న నిబంధన వచ్చింది. తెలుగులో చదువుకోవడమే అందరికీ కష్టమైన రోజులు. అందులో మన వాడల్లో బడి అంటే ఎంత పని అయి ఉంటుందో ఊహించుకోండి.

తెలుగు భాష కోసం గట్టిగా నిలబడ్డ సురవరం ప్రతాపరెడ్డి మా నేల మనిషే, ఇటిక్యాలపాడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చాడు. ఆ పనిని నేను క్లాసులో ఇష్టంగా చెప్తాను. "మీలో ప్రతిభ లేదు" అని ఎవరైనా అంటే, జాబితా తీసి పేరు పేరునా చూపించడం అనేది ఆయన నేర్పిన పద్ధతి. అదే ప్రతాపరెడ్డి అధ్యక్షుడిగా 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడ భాగ్యరెడ్డి వర్మ మాట్లాడటానికి లేస్తే కొందరు సనాతనులు ఒప్పుకోలేదు. భాషకు జరిగిన అవమానాన్ని గుర్తుపట్టిన సభలోనే మనిషికి జరిగే అవమానాన్ని గుర్తుపట్టనివాళ్లు కూర్చుని ఉన్నారు. ప్రతిభను లెక్కించే జాబితా ఎవరు రాసినా, ఆ గదిలో ఎవరున్నారో కూడా చూడాలి అనేది అందుకే.

నిజాం చివరి ఏళ్లలో బి.ఎస్. వెంకట్రావు, శ్యాంసుందర్ లాంటి నాయకుల పట్టుదలతో షెడ్యూల్డ్ కులాల చదువు కోసం కోటి రూపాయల నిధి ఏర్పడింది. అంతకుముందే ఢిల్లీలో బాబాసాహెబ్ 1942 అక్టోబరులో వైస్రాయికి వినతిపత్రం ఇచ్చాడు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల పై చదువులకు బడ్జెట్‌లో డబ్బు కావాలన్నాడు. దాని ఫలితంగానే 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకం మొదలైంది. ఇవాళ మీరు, నేను పొందిన స్కాలర్‌షిప్ అదే.

ఇక్కడ ఒక తేడా చూడండి. 1913లో బాబాసాహెబ్ కొలంబియాకు పోయింది బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన డబ్బుతో. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. ఆ సహాయం ఎంత గొప్పదో ఆయనకు తెలుసు. ఒక రాజు మంచివాడైతే ఒక అంబేడ్కర్ చదువుతాడని, అంతకు మించి జరగదని కూడా తెలుసు. అందుకే తన తర్వాతి పిల్లలకు రాజు దయ అవసరం లేకుండా చేశాడు. అర్హత ఇది, మొత్తం ఇది, ఉన్నవాళ్లందరికీ ఇవ్వాలి. దానం హక్కుగా మారిన చోటు అది.

4. మళ్లీ పోటీ

స్వాతంత్ర్యం తర్వాత స్కాలర్‌షిప్ రెండు దారులు పట్టింది. ఒకటి హక్కు దారి, అర్హులందరికీ. రెండోది పోటీ దారి, గెలిచిన కొందరికి. 1963లో ఎన్‌సీఈఆర్‌టీ సైన్స్ ప్రతిభ పరీక్ష పెట్టింది. 1976లో అది ఎన్‌టీఎస్‌ఈ అయింది. ఎస్సీ ఎస్టీ పిల్లలకు విడిగా స్కాలర్‌షిప్‌లు అందులో మొదటి నుంచీ లేవు, 1980ల్లో కొద్దిగా వచ్చాయి, 2000 నాటికి గానీ 15 శాతం, ఏడున్నర శాతం అనే లెక్క రాలేదు. పూలే చెప్పిన మాట ఢిల్లీకి చేరడానికి వందేళ్లు దాటింది. ఆ పరీక్ష కూడా 2021 తర్వాత ఆగిపోయింది.

ఇప్పుడు మన పల్లె పిల్లలకు మిగిలిన పెద్ద పోటీ ఎన్‌ఎంఎంఎస్. 2008లో వచ్చింది. ఎనిమిదో తరగతిలో పరీక్ష. దేశం మొత్తానికి ఏటా లక్ష. తెలంగాణ వాటా 2,921. మన 33 జిల్లాలకు పంచి చూస్తే సగటున జిల్లాకు 90 కూడా రావు. గెలిస్తే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. నాలుగేళ్లకు 48,000. టౌన్‌లో ఉన్నవాళ్లకు ఇది చిన్న మొత్తంలా కనిపించొచ్చు. ఇంటర్‌లో ఒక ఆడపిల్ల చదువు ఆపాలా, కొనసాగించాలా అని ఇంట్లో మాట వచ్చిన రాత్రి ఈ మొత్తం ఆమె తరఫున మాట్లాడుతుంది.

పథకం మంచిదే. సర్కారు, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో చదివేవాళ్లకే ఇస్తారు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. గురుకులాల పిల్లలకు, ప్రైవేటు బడుల పిల్లలకు లేదు. గురుకులాల మాట విని మొదట నాకు కోపం వచ్చింది. మన పిల్లలు ఎక్కువగా ఉన్నది అక్కడే కదా అని. తర్వాత ఆలోచించాను. గురుకులంలో తిండి, పడక, పుస్తకం సర్కారే చూస్తుంది. ఆ పరీక్షలో సీటు రాక, ఊరి జిల్లా పరిషత్ బడిలోనే మిగిలిన మాదిగ పిల్ల సంగతేంటి? ఆమెకు మిగిలిన ఒకే ఒక్క కిటికీ ఇది. దాన్ని ఆమెకే ఉంచడం న్యాయం. అన్నీ అన్యాయమే అని కొట్టేస్తే మన మాటకు విలువ పోతుంది.

మరి చిక్కు ఎక్కడుంది? నాలుగు చోట్ల.

మొదటిది కబురు. దరఖాస్తుల గడువు సాధారణంగా వానాకాలం చివర్లో, పరీక్ష నవంబరు, డిసెంబరుల్లో. గద్వాల వైపు ఆ నెలలంటే ఏంటో మీకు తెలుసు. సీడు పత్తి క్రాసింగ్ కాలం. సాయంత్రం మొగ్గలు గిల్లాలి, తెల్లారి మగ పువ్వు తెచ్చి అద్దాలి. ఆ పనికి చిన్న చేతులు కావాలంటారు. ఎన్నో ఏళ్లుగా ఆ చేనుల్లో ఉన్నది ఎక్కువగా మన ఆడపిల్లలే. బడిలో సారు నోటీసు చదివిన రోజు ఆ పిల్ల బెంచీ ఖాళీ. పరీక్షలో ఆమెను ఎవరూ ఓడించలేదు. పరీక్ష ఉందనే ఆమెకు తెలియలేదు. 2011 జనాభా లెక్కలను ఇప్పటి జిల్లాల ప్రకారం చూస్తే, అక్షరాస్యతలో రాష్ట్రంలో అట్టడుగున ఉన్నది జోగుళాంబ గద్వాల. సుమారు సగం మందే. ఈ రెండు సంగతులకూ సంబంధం లేదని ఎవరైనా అనగలరా?

రెండోది కాగితాలు. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఆధార్, బ్యాంకు ఖాతా. ఒక్కో దానికి మీసేవకు ఒక రోజు, తహసీల్దారు ఆఫీసుకు ఇంకో రోజు. గుంపు మేస్త్రీ వెంట తల్లిదండ్రులు పుణెకో బెంగళూరుకో పోతే ఆ పిల్ల పక్కన సంతకానికి అవ్వ ఒక్కతే. జోగిని తల్లుల పిల్లల సంగతి ఇంకా కష్టం. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. కానీ ఫారంలో 'తండ్రి పేరు' అనే గడి ఆ పిల్లలను ఇంకా అదే ప్రశ్న అడుగుతోంది. ప్రతిభ పరీక్షకు ముందు జరిగే ఈ పరీక్షకు సిలబస్ లేదు.

మూడోది ప్రశ్నపత్రం. 90 ప్రశ్నలు పాఠాల మీద, 90 ప్రశ్నలు మానసిక సామర్థ్యం మీద. సంఖ్యల వరసలు, అద్దంలో బొమ్మలు, సంకేతాలు. ఈ రెండో సగం ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. ప్రత్యేకంగా అభ్యాసం చేయించే సారు ఉన్న బడి నుంచి ఒక్కసారే అయిదారుగురు నెగ్గుతారు. లేని బడి నుంచి పదేళ్లయినా ఒక్కరు రారు. పుట్టుకతో వచ్చిన తెలివి అని మనం అనుకునేది చాలాసార్లు ఒక సారు సాయంత్రం గంటసేపు ఆగిన ఫలితం.

నాలుగోది ఫలితం. ఇక్కడే పారదర్శకత మాట వస్తుంది.

5. గోడ మీద కాగితం

పారదర్శకత అంటే చాలామంది పేర్ల జాబితా అంటించడం అనుకుంటారు. నాకూ అంటించారు, చూశారుగా. పేర్లు తెలిస్తే చాలదు, లెక్క తెలియాలి.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. బడిలో "ఎస్సీ స్కాలర్‌షిప్ వచ్చినోళ్లు లేచి నిలబడండి" అని పిలిచిన రోజులు మనలో ఎంతమందికి గుర్తు లేవు? లేచి నిలబడినప్పుడు క్లాసంతా తిరిగి చూసింది. డబ్బు ఇచ్చి పరువు తీసుకున్న రోజులవి. కాబట్టి పిల్ల పేరు, కులం, ఫోన్ నంబరు, ఆధార్ గోడకెక్కించడం పారదర్శకత కాదు. బయట ఉండాల్సింది పెట్టినవాళ్ల లెక్క. లోపల ఉండాల్సింది పిల్లల వివరాలు. మన దగ్గర చాలాసార్లు ఇది తలకిందులుగా జరుగుతుంది. పిల్ల కులం ఊరందరికీ తెలుస్తుంది, కటాఫ్ మార్కు ఎవరికీ తెలియదు.

సర్కారు పరీక్షలను కనీసం అడగొచ్చు. 2011 ఆగస్టు 9న సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పరీక్ష రాసినవాళ్లకు సమాచార హక్కు చట్టం కింద తమ జవాబు పత్రం చూసుకునే హక్కు ఉందని. ఈ తీర్పు మన బడుల్లో ఎంతమందికి తెలుసు? సొంత ప్రచారం కోసం ప్రైవేటు వాళ్లు పెట్టే 'టాలెంట్ టెస్టు'ల పరిస్థితి వేరు. పదో తరగతి పిల్లల ఫోన్ నంబర్లు తీసుకుంటారు, "నీకు ఫీజులో 60 శాతం రాయితీ వచ్చింది" అంటారు. 60 ఎలా వచ్చిందో అడిగితే జవాబు ఉండదు. అది కోటలో వార్షికం లాంటిదే. రాజు మారాడు, పద్ధతి మారలేదు.

చీటీ సంగతి కూడా చెప్పాలి. 'బెస్ట్ అవైలబుల్ స్కూల్' పథకంలో మన పిల్లలను ప్రైవేటు బడులకు ఎంపిక చేసేది లాటరీతో. అధికారుల ముందు, తల్లిదండ్రుల ముందు చీటీ తీస్తారు. సిఫారసు కంటే చీటీ వెయ్యి రెట్లు నయం. చీటీకి కులం తెలియదు, పార్టీ తెలియదు. కానీ ఒక తల్లి చీటీ రాక ఏడుస్తూ కలెక్టరేట్ మెట్లు దిగుతుంటే నాకు ఒకటే అనిపిస్తుంది. పంచడం న్యాయంగానే జరిగింది. పంచడానికి పెట్టిందే తక్కువ. చీటీ ఎంత పారదర్శకంగా తీసినా, హక్కును అదృష్టంగా మార్చిన సంగతి దాగదు.

6. మనం చేయాల్సింది

గద్వాల కోటలో ఇప్పుడు మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరుతో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ నడుస్తోంది. వనపర్తి రాజుల భవనంలో పాలిటెక్నిక్ ఉంది. ఒకప్పుడు మన తాతలు లోపలికి రాలేని గదుల్లో ఇవాళ మన పిల్లలు హాజరు పలుకుతున్నారు. ఇది ఏ రాజూ ఇచ్చింది కాదు. అడిగి, కొట్లాడి, రాయించుకుని తెచ్చుకున్నది. గురుకులాలకు చాలా ఏళ్లు కార్యదర్శిగా పనిచేసిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పుట్టింది అలంపురంలోనే. ఆయన రాజకీయాలతో మీరు ఏకీభవించొచ్చు, లేకపోవచ్చు. తలుపు తెరిస్తే మన నేల నుంచి ఎవరొస్తారో చెప్పడానికి ఆ పేరు చాలు.

డిగ్రీ చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా విన్నపం. ఈసారి నోటిఫికేషన్ వచ్చినప్పుడు మీ ఊరి బడికి ఒకసారి పోండి. ఎనిమిదో తరగతిలో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది దరఖాస్తు పెట్టారు, పెట్టనివాళ్లు ఎందుకు పెట్టలేదు అని అడిగి రాసుకోండి. సార్లతో గొడవ పడొద్దు. చాలామంది సార్లు ఒక్కరే మూడు సబ్జెక్టులు చెప్తూ ఈ ఫారాలూ నింపుతున్నారు. పత్తి చేలో ఉన్న పిల్ల ఇంటికి మీరే పోండి. అవ్వకు కాగితాలు మీరే చెప్పండి. ఆదివారం రెండు గంటలు కూర్చుని ఆ సంఖ్యల వరసలు నేర్పండి. మీరు పోటీ పరీక్షలకు చదివేది అదే లెక్క.

ఫలితాలు వచ్చినప్పుడు జిల్లా విద్యాధికారి ఆఫీసులో నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. ఏ బడి నుంచి ఎంతమంది రాశారు? ఏ కేటగిరీలో ఆఖరి మార్కు ఎంత? మిగిలిపోయిన స్థానాలు ఉన్నాయా, ఉంటే ఎందుకు? పోయినేడు నెగ్గినవాళ్లలో ఎంతమంది ఖాతాలో డబ్బు పడింది? ఏటా రెన్యూవల్ చేయించకపోతే గెలిచిన స్కాలర్‌షిప్ కూడా చేజారుతుంది. అందుకే ఆఖరి ప్రశ్న మరిచిపోవద్దు.

చెల్లీ, నువ్వడిగిన దానికి నా జవాబు ఇది. మిషనుకు కులం లేదు. కానీ మిషను ముందుకు కాగితం రావడానికి, వచ్చిన మార్కు డబ్బుగా మారడానికి మధ్య ఎన్నో చేతులున్నాయి. ఆ చేతులు ఏం చేశాయో లెక్క అడిగే హక్కు మనకుంది. పలుకుబడి ఉన్నవాళ్లకు లెక్క అవసరం లేదు, ఫోన్ చేస్తే పని అవుతుంది. ఫోన్ చేయడానికి ఎవరూ లేనివాళ్లకే గోడ మీద మార్కులతో సహా కాగితం కావాలి.

మా నాయిన ఇప్పుడు లేడు. ఆ రోజు నా ముఖంలో ఆయన వెతికింది పేరు కాదు. తన బిడ్డకు న్యాయం జరిగిందా లేదా అని. ఆ జవాబు నేను ఇవ్వలేకపోయాను. ఈ ఏడాది ఎనిమిదో తరగతి చదివే ఒక్క పిల్ల అయినా, గెలిచినా ఓడినా, ఇంటికిపోయి "నాయినా, నాకిన్ని మార్కులొచ్చాయి, ఆఖరి మార్కు ఇంత" అని చెప్పగలిగితే చాలు.

వచ్చే వారం: నల్లమల చెంచు పిల్లల బడులు.

జై భీమ్. జై పూలే.